పసిపిల్లల చెవి – మూడో పాఠం: కర్ణభేరి చిరిగితే

గులిమి జోలికి పోవద్దని గత పాఠంలో చెప్పుకున్నాం. అయినా పిన్నీసు లోపలికి పోయిందనుకోండి, లేదా చెవి పక్కనే టపాసు పేలిందనుకోండి. కర్ణభేరి, అంటే చెవి రంధ్రం లోపలి చివర ఉండే పొర, చిరగవచ్చు. దాని మందం మిల్లీమీటరులో పదోవంతు, అంతే. చెంపదెబ్బకూ చిరుగుతుంది: అరచెయ్యి చెవిని మూసినట్టు పడితే లోపలి గాలి ఒక్కసారిగా పొరను తన్నుతుంది. పిల్లలను చెంప మీద కొట్టకండి, చేతులెత్తి అడుగుతున్నాను.

చురుక్కుమనే నొప్పి, ఒకటి రెండు నెత్తుటి చుక్కలు, గుయ్యిమనే మోత, వినికిడి మందగించడం దీని గుర్తులు. అప్పుడు చెవిలో ఏమీ పోయకండి. వెల్లుల్లి వేసి కాచిన నూనె వద్దు. పోయినసారి మిగిలిన చుక్కల మందు అసలే వద్దు. వాటిలో ఉండే జెంటామైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు చిల్లు గుండా లోపలి చెవికి చేరితే వినికిడికే ముప్పు. చెవి వైద్యుడికి చూపించండి. హైదరాబాదులో కోఠి ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఉంది. కళ్లు తిరిగి వాంతులవుతున్నా, మూతి ఒక పక్కకు లాగినా, తలకు దెబ్బ తగిలి చెవి నుంచి నీళ్లలాంటి ద్రవం కారినా క్షణం ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి.

చాలా చిరుగులు కొన్ని వారాల్లో వాటంతట అవే మూసుకుంటాయి. అందాకా చెవి తడవకుండా చూడడమే మన పని. నేటి విద్య అదే.

రేగుపండంత దూది తీసుకుని గట్టిగా ఉండ చుట్టండి. ఒక పక్కకు వాజిలిన్ దట్టంగా పట్టించండి. దాని మీద నీటిచుక్క వేయండి. తామరాకు మీదలా జారిపోతే సరే. ఇంకితే ఇంకాస్త పట్టించండి. వాజిలిన్ వైపు బయటికి ఉండేలా చెవి దొప్పలో, రంధ్రం ముఖద్వారం దగ్గర కూర్చోబెట్టండి, లోపలికి నెట్టకండి. ఉండ చిన్నదైతే లోనికి జారుతుంది, అందుకే రేగుపండంత అన్నాను. తలస్నానం రోజున బిడ్డ తలను మంచి చెవి వైపు వంచి, చెంబుతో నెమ్మదిగా పోయండి. స్నానం కాగానే ఉండ తీసి పారేయండి. ఈత మాత్రం వైద్యుడు సరేననే దాకా మానాలి. ముక్కు గట్టిగా చీదనివ్వకండి.

నొప్పి తగ్గినంత మాత్రాన చిల్లు పూడినట్టు కాదు. వైద్యుడు మళ్లీ చూసి, వినికిడి పరీక్షించి చెప్పాలి. నెలలు గడిచినా పూడకపోతే, చెవి పైనున్న కండరపు పలుచని పొరతో అతుకు వేసే శస్త్రచికిత్స ఉంది. దాని గురించి వచ్చే పాఠంలో.

ఈ వారం సాధన: ఉండ చేసి ముందుగా మీ చెవికే పెట్టుకుని స్నానం చేయండి. బయటికి తీశాక లోపలి వైపు దూది పొడిగా ఉందో లేదో వేలితో తాకి చూడండి.