జ్ఞాపకశక్తి పెంచుకోవడం ఎలా? హాబీగా మొదలుపెట్టేవాళ్ల కోసం, మొదటి రోజు నుంచి

ముందు ఒక చిన్న పని చేయండి, తర్వాత మాట్లాడుకుందాం. ఈ 10 మాటలు నిదానంగా ఒక్కసారే చదవండి: గొడుగు, చీపురు, ఏనుగు, దువ్వెన, నిచ్చెన, గడియారం, కోడిగుడ్డు, ఉత్తరం, రంపం, దిండు. ఇప్పుడు ఫోన్ బోర్లా పెట్టేసి, ఒక కాగితం మీద వరస తప్పకుండా రాయండి. చాలామందికి మొదటి రెండు మూడు వస్తాయి, చివరివి ఒకటి రెండు వస్తాయి, మధ్యలోవి ఎటు పోయాయో తెలీదు. ఎన్ని వచ్చాయో ఆ కాగితం మీదే తేదీతో సహా రాసి దాచుకోండి, మళ్ళీ పనుంది దానితో.

నేను ఈ హాబీ మొదలుపెట్టిన కొత్తలో జ్ఞాపకం అంటే కండ లాంటిది, ఎంత బరువు మోస్తే అంత పెరుగుతుంది అనుకుని రోజూ అంకెల వరసలు బట్టీ పట్టేవాడిని. నెల రోజులు చేసినా పెద్ద తేడా రాలేదు. ఎందుకో తర్వాత అర్థమైంది. 1980లో ఎరిక్సన్, చేజ్ అనే సైకాలజిస్టులు వాళ్ల టీంతో కలిసి ఒక కాలేజీ కుర్రాడి మీద చేసిన ప్రయోగం గురించి రాశారు, అతను మామూలు మనిషి, మొదట్లో విన్న అంకెల్లో 7 తిరిగి చెప్పగలిగేవాడు, దాదాపు 230 గంటల ప్రాక్టీస్ తర్వాత 79 చెప్పాడు! అయితే అదే కుర్రాడికి అంకెల బదులు అక్షరాలు ఇస్తే మళ్ళీ 6 దగ్గరే ఆగిపోయాడు. విషయం ఏంటంటే అతను రన్నర్, 3492 అని వినగానే దాన్ని మైలు పరుగులో 3 నిమిషాల 49.2 సెకన్లు అనే టైమింగ్‌గా మార్చుకునేవాడు. అంటే అతనికి అంకెలు పట్టుకోవడానికి ఒక పిడి దొరికింది, అక్షరాలకి ఆ పిడి లేదు.

కాబట్టి మనం చేయాల్సినవి రెండే పనులు. గుర్తుండాల్సిన ప్రతిదానికీ ఒక పిడి తగిలించాలి. తర్వాత ఆ పిడి పట్టుకుని బయటికి లాగడం అలవాటు చేసుకోవాలి. రెండోదే అందరూ వదిలేస్తారు, నా దృష్టిలో అదే ఎక్కువ ముఖ్యం.

స్టెప్ 1: ముందు లోపలికి వెళ్లనివ్వండి

తాళాలు ఎక్కడ పెట్టామో మర్చిపోయాం అంటాం గానీ నిజానికి అది మర్చిపోవడం కాదు, పెట్టేటప్పుడు మన ధ్యాస అక్కడ లేదు, అసలు లోపలికి వెళ్లనిది బయటికి ఎలా వస్తుంది చెప్పండి. దీనికి మందు చాలా సింపుల్, పెడుతున్నప్పుడు "తాళాలు టీవీ పక్కన పెడుతున్నా" అని పైకి అనండి. మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, రెండు రోజుల్లో అలవాటైపోతుంది. గ్యాస్ కట్టేశానా, తలుపు వేశానా అనే అనుమానాలకి కూడా ఇదే.

స్టెప్ 2: మీ ఇల్లే మీ నోట్‌బుక్

ఇది చాలా పాత పద్ధతి. ప్రాచీన గ్రీసులో సిమోనిడెస్ అనే కవి ఒక విందు నుంచి బయటికి రాగానే పైకప్పు కూలి లోపలున్నవాళ్లంతా చనిపోయారని, ఎవరు ఎవరో గుర్తుపట్టలేని స్థితిలో ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో తలుచుకుని ఆయన అందరి పేర్లూ చెప్పాడని ఒక కథ ఉంది, క్రీస్తుపూర్వం 55లో రోమన్ వక్త సిసెరో దాన్ని రాసిపెట్టాడు. కథ ఎంతవరకు నిజమో పక్కన పెడితే అందులోని కిటుకు మాత్రం పనిచేస్తుంది, మనిషికి మాటల కంటే చోట్లు బాగా గుర్తుంటాయి. 2003లో ఎలియనోర్ మగ్వైర్ బృందం జ్ఞాపకశక్తిలో పేరున్న 10 మందిని పరీక్షిస్తే వాళ్ల మెదడు నిర్మాణంలో గానీ తెలివితేటల్లో గానీ ప్రత్యేకత ఏమీ కనపడలేదు, కానీ 10 మందిలో 9 మంది వాడేది ఈ పద్ధతే.

కళ్లు మూసుకుని మీ ఇంట్లోకి నడవండి. గేటు, చెప్పుల స్టాండ్, ముందు తలుపు, సోఫా, టీవీ, డైనింగ్ టేబుల్, ఫ్రిజ్, సింక్, మంచం, అల్మరా. మీ ఇంట్లో వరస వేరేగా ఉంటే మీ వరసే పెట్టుకోండి, ఒక్కటే రూల్, నడిచే దారి ఎప్పుడూ మారకూడదు, దాటొచ్చిన చోటికి మధ్యలో మళ్ళీ వెళ్లకూడదు. ఈ 10 చోట్లూ ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి తడుముకోకుండా చెప్పగలిగాకే మొదలుపెట్టండి.

ఇప్పుడు పైన చెప్పిన 10 మాటల్నీ ఒక్కో చోట పడేద్దాం. గేటు లేదు, దాని బదులు ఒక పెద్ద నల్ల గొడుగు విప్పి అడ్డంగా ఉంది, దాన్ని నెట్టుకుని లోపలికి దూరాలి. చెప్పుల స్టాండ్ దగ్గర చీపురు మీ చెప్పులు వేసుకుని దానంతటదే ఊడ్చుకుంటోంది. ముందు తలుపులో ఏనుగు ఇరుక్కుపోయింది, లోపలికీ రాదు బయటికీ పోదు. సోఫాకి జుట్టు మొలిచింది, ఎవరో దువ్వెనతో చిక్కు తీస్తున్నారు. టీవీలో వార్తలు చదివే ఆవిడ తెరలోంచి నిచ్చెన వేసుకుని మీ హాల్లోకి దిగుతోంది. డైనింగ్ టేబుల్ మీద కంచం బదులు గడియారం ఉంది, ముల్లు తిరిగినప్పుడల్లా అన్నం చిందుతోంది.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే తర్వాతది ఫ్రిజ్, పెట్టాల్సింది కోడిగుడ్డు. నేను మొదటిసారి చేసినప్పుడు నాకు పోయింది ఇలాంటి గుడ్డే. ఫ్రిజ్‌లో గుడ్డు ఉండటం మామూలు విషయం, అందుకని మనసు దాన్ని పట్టించుకోకుండా దాటిపోయింది. నాకే కాదు, రష్యన్ సైకాలజిస్ట్ లూరియా ఏళ్ల తరబడి పరిశీలించిన షెరెషెవ్‌స్కీ అనే అసాధారణ జ్ఞాపకశక్తి ఉన్న మనిషికి కూడా గుడ్డు విషయంలోనే పొరపాటు జరిగింది, తన ఊహలో గుడ్డుని తెల్ల గోడకి ఆనించి పెట్టాడు, తెలుపులో తెలుపు కలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు అది కనపడలేదట. అందుకని గుడ్డుని పీపా అంత చేయండి, ఫ్రిజ్ తలుపు తీయగానే దొర్లుకుంటూ వచ్చి మీ కాళ్ల మీద పగిలి పచ్చసొన చీలమండల దాకా రావాలి, చల్లగా, జిగటగా. ఆ చలి, ఆ జిగట కూడా ఊహించుకోవాలి. బొమ్మ ఎంత వింతగా ఉంటే, ఎంత కదిలితే, చప్పుడు చేస్తే, అంత బాగా అంటుకుంటుంది.

మిగతా మూడూ మీరే చేసుకోండి: సింకులో ఉత్తరం, మంచం మీద రంపం, అల్మరాలో దిండు. నేను చెప్పిన బొమ్మ కంటే మీకు తట్టిన బొమ్మే ఎక్కువ కాలం ఉంటుంది, అది ఎంత పిచ్చిగా ఉన్నా పర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు కదా.

ఒక హెచ్చరిక, ఒకే ఇంట్లో ఒకే రోజు రెండు లిస్టులు పెట్టకండి, పాత ఏనుగు కొత్త లిస్టులోకి వచ్చేస్తుంది. స్నేహితుల ఇల్లు, చదువుకున్న స్కూలు, ఆఫీసుకి వెళ్లే దారి, ఇలా మూడు నాలుగు దారులు తయారు చేసుకుని మార్చి మార్చి వాడండి.

స్టెప్ 3: అంకెలకి మన అక్షరాలే చాలు

అంకెలకి బొమ్మ ఉండదు, అందుకే జారిపోతాయి. ఇంగ్లీషు వాళ్లు వాళ్ల హల్లులతో ఒక కోడ్ వాడతారు, దాన్ని తెచ్చి తెలుగులో ఇరికించాల్సిన పనే లేదు, మనకి ఒక్కో హల్లుకి ఒక్కో అంకె ఇచ్చే కటపయాది అనే పాత పద్ధతి ఉంది, మన వర్ణమాలకి కుట్టించిన చొక్కాలా సరిపోతుంది. క నుంచి ఝ దాకా 1 నుంచి 9, ఞ సున్నా. ట నుంచి ధ దాకా 1 నుంచి 9, న సున్నా. ప నుంచి మ దాకా 1 నుంచి 5. య ర ల వ శ ష స హ వరసగా 1 నుంచి 8, ళ 9. గుణింతాలు పట్టించుకోవద్దు, కా అయినా కో అయినా 1. ఒత్తు ఉంటే చివరి హల్లే లెక్క. మాట మధ్యలో వచ్చే సున్నాని (ం) వదిలేయండి, అచ్చు ఒంటరిగా వస్తే 0.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇది కొత్త కాదు, 72 మేళకర్త రాగాల నంబర్లు వాటి పేర్లలోనే ఉంటాయి, మాయామాళవగౌళలో మ అంటే 5, య అంటే 1, తిరగేస్తే 15. సంప్రదాయంలో అలా కుడి నుంచి చదువుతారు, మన సొంత వాడకానికి ఎడమ నుంచి చదువుకోవచ్చు, ఏదో ఒకటి పెట్టుకుని దాని మీదే ఉండండి.

ఉదాహరణకి 1361431240 అనే నంబర్ తీసుకుందాం. రెండేసి అంకెలుగా విడగొడితే 13 పిల్లి, 61 చేప, 43 వల, 12 కారు, 40 వాన. పిల్లి చేపని నోట కరుచుకుని పరిగెత్తుతుంటే మీద వల పడింది, ఆ వలని ఒక కారు లాక్కెళ్తోంది, జోరున వాన. అంతే, 10 అంకెలు అయిపోయాయి. మొదట్లో ప్రతి మాట కోసం తడుముకుంటారు, అది సహజం, రోజుకి 5 జతలకి మాటలు కట్టుకుంటే 20 రోజుల్లో 00 నుంచి 99 దాకా మీ సొంత పట్టిక తయారవుతుంది. పక్కవాళ్ల పట్టిక అరువు తెచ్చుకోవద్దు, మాట మీదై ఉండాలి.

స్టెప్ 4: పేర్లు

ఒక మొహం చూపించి "ఈయన వృత్తి బేకర్" అంటే గుర్తుంటుంది, అదే మొహానికి "ఈయన ఇంటిపేరు బేకర్" అంటే గుర్తుండదు, 1987లో ఒక ఇంగ్లీషు ప్రయోగంలో తేలిన సంగతి ఇది. మాట ఒక్కటే, కానీ వృత్తి అనగానే పిండి, పొయ్యి, వాసన అన్నీ కళ్లముందుకి వస్తాయి, పేరు అనగానే ఏమీ రాదు. మన పేర్లలో చాలావాటికి అర్థం ఉంటుంది కాబట్టి మనకి పని సులువు. పద్మ అని పరిచయమైతే ఆవిడ నుదుటి మీద తామర విచ్చుకున్నట్టు, నాగరాజు అంటే ఆయన మెడ చుట్టూ పాము ఉన్నట్టు అనుకోండి. మొహంలో మీకు ముందు కనపడిన దానికే తగిలించాలి, ముక్కో కనుబొమ్మలో బుగ్గ మీద సొట్టో. పేరు వినగానే ఒకసారి పైకి అనడం, వెళ్లేటప్పుడు పేరుతో పిలిచి వెళ్లొస్తానని చెప్పడం, ఈ రెండూ కూడా చేస్తే ఇంకేం కావాలి.

స్టెప్ 5: బయటికి లాగండి, మళ్ళీ మళ్ళీ లాగండి

అసలు సంగతి ఇదండి. 1885లో హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ సైంటిస్ట్ అర్థం లేని అక్షరాల వరసలు తనే బట్టీ పట్టి, కొంతకాలం ఆగి, మళ్ళీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గిందో లెక్క కట్టాడు. 20 నిమిషాల తర్వాత 58 శాతం ఆదా అయింది, ఒక రోజుకి 34 శాతం, నెలకి 21 శాతం. చూడండి, పడిపోవడం చాలావరకు మొదటి రోజే, తర్వాత నెమ్మదిగా జారుతుంది. అందుకే మొదటి రోజు చూసుకోకపోతే తర్వాత ఎక్కువ శ్రమ పడాల్సి వస్తుంది.

మరి ఎలా చూసుకోవాలి? పుస్తకం తెరిచి మళ్ళీ చదవడం కాదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే సైకాలజిస్టులు విద్యార్థులకి ఒక పాఠం ఇచ్చి కొందరితో నాలుగుసార్లు చదివించారు, కొందరితో ఒకసారి చదివించి మూడుసార్లు చూడకుండా రాయించారు. 5 నిమిషాల తర్వాత చదివినవాళ్లే ముందున్నారు, వారం తర్వాత మాత్రం చదివినవాళ్లకి 40 శాతం గుర్తుంటే రాసినవాళ్లకి 61 శాతం గుర్తుంది. మళ్ళీ చదువుతుంటే అంతా వచ్చేసినట్టు అనిపిస్తుంది, అది పరిచయం మాత్రమే. గుర్తురాక రెండు నిమిషాలు గింజుకుంటారు చూడండి, ఆ గింజుకోవడమే ప్రాక్టీస్, దానికి భయపడి వెంటనే జవాబు చూసేయకండి.

చేసే విధానం: కార్డుకి ఒక వైపు ప్రశ్న, వెనక జవాబు. 1970ల్లో సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చిన పెట్టె పద్ధతిలో అరలు 5 ఉంటాయి, సరిగ్గా చెప్పిన కార్డు తర్వాతి అరలోకి, తప్పిన కార్డు మళ్ళీ మొదటి అరలోకి. మొదటి అర రోజూ, రెండోది మూడు రోజులకి, మూడోది వారానికి, నాలుగోది రెండు వారాలకి, ఐదోది నెలకి, నేనైతే ఇలా పెట్టుకున్నా. ఫోన్లో కావాలంటే ఆంకీ అనే యాప్ ఇలాంటి లెక్కే తనే చూసుకుంటుంది. కార్డులు మాత్రం మీరే రాసుకోండి, రాయడంలోనే సగం పని అయిపోతుంది. కొత్త కార్డులు రోజుకి 10 దాటనివ్వకండి, ఉత్సాహంలో 50 వేసుకుంటే రెండు వారాల్లో రివిజన్ కొండలా పేరుకుపోయి మొత్తం మానేస్తారు, నా విషయంలో రెండుసార్లు అదే జరిగింది.

రోజుకి ఎంతసేపు?

అరగంట చాలు. 2017లో డ్రెస్లర్ బృందం మామూలు మనుషులతో 6 వారాలు, రోజుకి అరగంట, ఈ చోట్ల పద్ధతి ప్రాక్టీస్ చేయిస్తే 72 మాటల లిస్టులో మొదట 26 దాకా చెప్పినవాళ్లు చివరికి 62 దాకా చెప్పారు. పడుకునే ముందు చేస్తే ఇంకా మంచిది, నేర్చుకున్న వెంటనే నిద్రపోతే తక్కువ మర్చిపోతాం అని 1924లోనే తేలింది. నిద్ర తగ్గించుకుని మాత్రం ప్రాక్టీస్ చేయకండి, చేసిందంతా వృథా.

ఇంకోటి, ఇదంతా ఆరోగ్యంగా ఉన్నవాళ్ల హాబీ. ఉన్నట్టుండి తెలిసిన దారి మర్చిపోవడం, రోజూ వాడే మాటలు రాకపోవడం లాంటివి మీకో ఇంట్లో పెద్దవాళ్లకో కనపడితే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, బీ12 లోపం, థైరాయిడ్ లాంటి సరిచేయగలిగే కారణాలు కూడా ఉంటాయి.

సరే, ఇప్పుడు ఆ కాగితం బయటికి తీయండి. వెనక వైపు తిప్పి, పైకి స్క్రోల్ చేయకుండా, మీ ఇంటి గేటు దగ్గర నుంచి మొదలుపెట్టి అల్మరా దాకా నడుస్తూ 10 మాటలూ రాయండి. ఎక్కడైనా ఖాళీ వస్తే ఆ చోట బొమ్మ చిన్నదైపోయిందని అర్థం, పెద్దది చేసి మళ్ళీ పెట్టండి. రేపు పొద్దున లేవగానే ఈసారి అల్మరా దగ్గర నుంచి గేటు వైపు వెనక్కి నడవండి. తర్వాత మూడు రోజులకి ఒకసారి, వారానికి ఒకసారి.