కాళ్ళు కదలనివాళ్ళు ఫోన్ చూసి ఇంట్లో వ్యాయామం చేయాలంటే

యూట్యూబ్‌లో సీటెడ్ ఎక్సర్‌సైజ్ అని కొట్టి చూడండి, వచ్చేవి చాలావరకు పెద్ద వయసు వాళ్ళ కోసం తీసినవే. కుర్చీలోనే కూర్చుంటారు గానీ రెండు నిమిషాలు తిరక్కుండానే మోకాళ్ళు పైకి లేపండి, మడమలు నేలకి తట్టండి అంటారు. కాళ్ళు పనిచేయని మనిషి ఆ వీడియోతో ఏం చేసుకోవాలి? అందుకే వెతికేటప్పుడు మీ పరిస్థితి పేరుతోనే వెతకండి: వీల్‌చైర్ వర్కౌట్, పారాప్లీజియా (నడుము కింది భాగం చచ్చుబడటం), ఆంప్యుటీ (కాలో చెయ్యో తీసేసినవాళ్ళు), సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కదలికలు అదుపులో లేకపోవడం), ఏదైతే అది. తెలుగులో దొరికేవి తక్కువే, కాబట్టి ఇంగ్లీషువి చూడక తప్పదు, చూసి చేసేదే కాబట్టి భాష రాకపోయినా పెద్ద ఇబ్బంది ఉండదు. వైకల్యం ఉన్నవాళ్ళ వ్యాయామం కోసం పనిచేసే ఎన్‌సీహెచ్‌పీఏడీ (NCHPAD) అనే సంస్థ అమెరికాలోని అలబామా నుంచి నడుస్తుంది, వాళ్ళ వీడియోలు ఉచితం. అడాప్ట్ టు పర్ఫార్మ్ అనే ఛానెల్ అయితే వీల్‌చైర్ వాడే మనిషే నడుపుతాడు, ఆ తేడా చూడగానే తెలుస్తుంది. సదరం సర్టిఫికెట్‌లో మీకు ఎంత శాతం వేశారో వీడియోకి తెలియదు కాబట్టి మొదటిసారి ఊరికే కూర్చుని చివరిదాకా చూడండి, మీవల్ల కానివి ఏవో, వాటి బదులు ఏం చేయాలో అనుకున్నాకే మొదలుపెట్టండి.

పుండ్లు ఉన్నా, ఈమధ్య ఆపరేషన్ అయినా, ఎముకలు గుల్లబారాయని ఎవరైనా చెప్పి ఉన్నా ముందు డాక్టర్‌ని అడగాలి. ఆసుపత్రికి వెళ్ళడమే ఒక యజ్ఞం అనుకునేవాళ్ళకి ప్రభుత్వానిది ఈ-సంజీవని ఉంది, ఫోన్‌లోనే డాక్టర్‌తో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇక కుర్చీ. బ్రేకులు వేయండి, ముందు చిన్న చక్రాలు ముందుకు తిరిగి ఉండేలా చూసుకోండి, అప్పుడు ముందుకు వంగినా కుర్చీ తూలదు. ప్లాస్టిక్ కుర్చీ మాత్రం వద్దు, టైల్స్ మీద జారుతుంది. నడుము నిలవనివాళ్ళు బెల్టు పెట్టుకోవాలి, మొదట్లో ఇంట్లో ఒకరు పక్కన ఉంటే మంచిది. ఫోన్ ఒళ్ళో పెట్టుకుంటే మెడ పట్టేస్తుంది, ఎత్తు మీద ఏ డబ్బాకో ఆనించండి.

అసలు జాగ్రత్త పడాల్సింది భుజాల గురించి. చక్రాలు తోయడం, మంచం మీదకి మారడం, అన్నీ వాటి మీదే కదా, అవి పోతే మన స్వతంత్రం పోయినట్టే. రోజంతా తోసే పనే ఉంటుంది కాబట్టి వ్యాయామంలో లాగేవి ఎక్కువ ఉండాలి, అందుకే పంచ్‌లతో నిండిన వీడియోలంటే నాకు పెద్దగా నమ్మకం లేదు. రబ్బరు బ్యాండు లేకపోతే పంక్చర్ షాపులో పాత సైకిల్ ట్యూబ్ అడగండి. పగుళ్ళు లేవని సాగదీసి చూసి, కిటికీ ఊచకి గట్టిగా కట్టి, కిటికీ వైపు తిరిగి కూర్చుని రెండు కొసలు పట్టుకోండి. మోచేతులు పక్కటెముకల్ని రాసుకుంటూ వెనక్కి రావాలి, భుజాలు చెవుల దగ్గరికి లేవకూడదు, వీపు రెక్కలు రెండూ దగ్గరికొచ్చాక ఒక్క క్షణం ఆగి నెమ్మదిగా వదలాలి. టప్పున వదిలేస్తే చేసిన పనిలో సగం వృథా. పదేసి సార్లు, మూడు విడతలు. పట్టు లేని చేతులకి క్రేప్ బ్యాండేజీతో ట్యూబ్‌ని చుట్టుకోవచ్చు గానీ స్పర్శ లేకపోతే అయ్యాక వేళ్ళు ఎర్రబడ్డాయేమో చూసుకోండి.

ఎంతసేపు అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వారానికి 150 నుంచి 300 నిమిషాలు అంది. అది చూసి టెన్షన్ పడొద్దు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళ కోసం 2018లో వచ్చిన మార్గదర్శకాల్లో తొలి మెట్టు వారానికి రెండుసార్లు, ఆయాసం వచ్చేలా 20 నిమిషాలు, దానికి తోడు రెండుసార్లు కండరాల వ్యాయామం, అంతే. ఐదు నిమిషాలతో మొదలుపెట్టినా తప్పేం లేదు. మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి, అదీ కొలత. ఛాతీ మధ్య ఎత్తులో ఉండే టీ6 వెన్నుపూస దగ్గరగానీ ఆ పైనగానీ దెబ్బ తగిలినవాళ్ళకి గుండె వేగం మామూలుగా పెరగదు, వాచీ అంకెల్ని నమ్ముకోకండి.

వాళ్ళకే ఇంకో ప్రమాదం ఉంది. ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు పట్టడం కనిపిస్తే బీపీ ఒక్కసారిగా పెరిగిందేమోనని అనుమానించాలి. వెంటనే ఆపి, నిటారుగా కూర్చుని, బట్టలు వదులు చేసి, యూరిన్ పైపు మెలిపడిందేమో చూడండి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయాల్సిందే. వెన్నుకి దెబ్బ తగిలిన చోటుకి కింది భాగంలో చెమట సరిగా పట్టదు, కాబట్టి మన ఎండాకాలంలో తెల్లవారుజామునే చేసుకోవాలి, మెడ మీద తడిగుడ్డ వేసుకుని.

పోలియో వచ్చినవాళ్ళ లెక్క వేరు. మన దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది, అప్పటికే పోలియోతో ఉన్నవాళ్ళలో చాలామంది ఇప్పుడు నడివయసులోనో ఆ పైనో ఉన్నారు, ఏళ్ళ తర్వాత కొత్తగా నీరసం మొదలయ్యేదీ వీళ్ళకే. పంటి బిగువున చేయడం వీళ్ళకి పనికిరాదు. మర్నాడు కూడా ఒంట్లో సత్తువ లేనట్టుంటే సగానికి తగ్గించాలి, ట్రైనర్ ఇంకొక్కటి ఇంకొక్కటి అని అరుస్తుంటే సౌండ్ తీసేయండి.

జూమ్‌లో డబ్బు కట్టి చేరేవాళ్ళు ముందే ఒక ప్రశ్న అడగండి: నాకు నడుము నిలవదు, వంగే వ్యాయామాలకి బదులు ఏం చేయిస్తారు? మీకు చేతనైనంత చేయండి అన్నారంటే వాళ్ళ దగ్గర ప్లాన్ లేదన్నమాట. ముప్పై రోజుల్లో నడిపిస్తాం అనేవాళ్ళతో అసలు మాటే పెట్టుకోవద్దు. నచ్చినా సరే ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి, ఒక నెలకి కట్టి చూడండి.