మీ ఫోన్‌లోని కోర్లు పనిని ఎలా పంచుకుంటున్నాయో స్వయంగా చూడటం

ఎనిమిది కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా పని చేసే భాగాలు) ఉన్న ఫోన్‌లో యాప్ ఎనిమిది రెట్లు వేగంగా నడుస్తుందనే భ్రమ చాలామందికి ఉంది. ప్రాసెసర్ తనంతట తానుగా ఏ యాప్‌నూ ముక్కలు చేసి కోర్లకు పంచదు. యాప్ రాసినవారే పనిని థ్రెడ్లుగా, అంటే విడిగా నడవగల పని వరుసలుగా, విడగొట్టి ఉండాలి, పైగా ఒక థ్రెడ్ ఒక క్షణంలో ఒకే కోర్‌పై నడుస్తుంది. ఏ థ్రెడ్ ఏ కోర్‌కు వెళ్లాలో నిర్ణయించేది ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయైన కెర్నెల్‌లోని షెడ్యూలర్. ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే ఈ పంపకాన్ని మీరే కళ్లారా చూడవచ్చు.

అయితే మొబైల్ ప్రాసెసర్‌లోని కోర్లన్నీ ఒకేలాంటివి కావన్న సంగతి ముందుగా తెలిసి ఉండాలి. ఆర్మ్ సంస్థ 2011లో ప్రకటించిన బిగ్-లిటిల్ పద్ధతిలో వేగవంతమైన పెద్ద కోర్ల పక్కనే, తక్కువ విద్యుత్తుతో సరిపెట్టుకునే చిన్న కోర్లు కూడా ఉంటాయి. కోర్ వేగం పెంచాలంటే సాధారణంగా వోల్టేజీనీ పెంచాలి, విద్యుత్ వినియోగమేమో వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీ × వోల్టేజీ) బట్టి పెరుగుతుంది. అందువల్ల ఒక పెద్ద కోర్‌ను పరుగులెత్తించడం కంటే రెండు చిన్న కోర్లను నింపాదిగా నడపడమే తరచు పొదుపు. ఆండ్రాయిడ్‌కు ఆధారమైన లినక్స్‌లో, 2019లో వచ్చిన 5.0 కెర్నెల్‌లో చేరిన ఎనర్జీ అవేర్ షెడ్యూలింగ్ వేసే లెక్క ఇదే: ఒక్కో థ్రెడ్ ఇటీవల ఎంత భారం మోపిందో గమనించి, ఆ భారాన్ని మోయగల కోర్లలో తక్కువ శక్తితో పని ముగించేదేదో అంచనా వేస్తుంది.

ఇక చూసే విధానం. సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ తెరిచి ‘బిల్డ్ నంబర్’ను ఏడుసార్లు తాకితే డెవలపర్ ఆప్షన్స్ అందుబాటులోకి వస్తాయి (కొన్ని ఫోన్లలో ఈ నంబర్ మరో మెనూ లోపల దాగి ఉంటుంది, కాస్త వెతకాలి). అక్కడ ఆండ్రాయిడ్ 9 నుంచి, ఏ క్షణంలో ఏ కోర్‌పై ఏం నడిచిందో నమోదు చేసే ‘సిస్టమ్ ట్రేసింగ్’ ఉంది. అందులోని కేటగిరీలలో సీపీయూ షెడ్యూలింగ్, సీపీయూ ఫ్రీక్వెన్సీ ఎంపికై ఉండేలా చూసుకుని, ‘రికార్డ్ ట్రేస్’ ఆన్ చేసి, ఏదైనా యాప్‌లో పొడవైన జాబితాను పది సెకన్లపాటు వేలితో పైకీ కిందికీ జరపండి. తర్వాత రికార్డింగ్ ఆపి, వచ్చిన ఫైలును కంప్యూటర్‌కు పంపుకుని, బ్రౌజర్‌లో పర్ఫెట్టో యూఐ అనే ట్రేస్ ఫైళ్లను చూపే వెబ్ పనిముట్టులో తెరవండి.

తెరపై ఒక్కో కోర్‌కు ఒక్కో వరుస కనిపిస్తుంది. చాలా ఫోన్లలో సున్నా నుంచి మొదలయ్యే వరుసలు చిన్న కోర్లవి, చివరివి పెద్దవి. ఇప్పుడు మీరు వాడిన యాప్‌లో వేలి తాకిడికి స్పందించే మెయిన్ థ్రెడ్‌నూ, బొమ్మ గీసే రెండర్ థ్రెడ్‌నూ వెతకండి. 60 హెర్ట్జ్ తెరపై (సెకనుకు 60 సార్లు మారేది) ఒక ఫ్రేముకు, అంటే ఒక్కో బొమ్మకు, దొరికే సమయం దాదాపు 16.7 మిల్లీసెకన్లు, 120 హెర్ట్జ్ అయితే 8.3 మాత్రమే. జాబితా ఎక్కడ తడబడిందో అక్కడ ఆ రెండు థ్రెడ్ల స్థితిని చూడండి. ‘రన్నింగ్’ అని ఎక్కువసేపు ఉంటే పనే బరువుగా ఉందన్నమాట. ‘రన్నబుల్’ అని ఉంటే థ్రెడ్ సిద్ధంగానే ఉంది కానీ దానికి కోర్ దొరకలేదు, అంటే వేరే ఏదో ఆ చోటును ఆక్రమించింది. ‘స్లీపింగ్’ అయితే అది డిస్కు కోసమో, మరో థ్రెడ్ ఇవ్వాల్సిన జవాబు కోసమో ఎదురుచూస్తూ ఉండవచ్చు. అప్పుడు ఎన్ని కోర్లు ఖాళీగా ఉన్నా ఒరిగేదేమీ లేదు. నా దృష్టిలో ఈ మూడింటి మధ్య తేడా గుర్తించడమే మొత్తం ప్రయత్నంలో విలువైన భాగం, ఎందుకంటే ఒక్కోదానికి మందు వేరు.

యాప్ రాసేవారు మొదటి సందర్భంలో పనిని వేరే థ్రెడ్లకు మళ్లించాలి, రెండో సందర్భంలో తమ సొంత నేపథ్య థ్రెడ్ల ప్రాధాన్యం తగ్గించాలి. కానీ విడగొట్టడానికీ ఒక హద్దు ఉంది. పనిలో సగం మాత్రమే పంచడానికి వీలైతే, ఎనిమిది సమాన కోర్లు ఉన్నా, పంచలేని భాగమే మొత్తం వేగానికి హద్దు పెడుతుందని చెప్పే ఆమ్‌డాల్ సూత్రం ప్రకారం వేగం 1.8 రెట్లు కూడా కాదు.

ఫోన్ వేడెక్కిన తర్వాత అదే ప్రయోగం మళ్లీ చేయండి. ఫ్రీక్వెన్సీ వరుసలో పెద్ద కోర్ల గరిష్ఠ వేగం మునుపటి కంటే కిందికి దిగి కనిపిస్తే, వేడిని అదుపు చేయడానికి వ్యవస్థ వాటికి కళ్లెం వేసి ఉండవచ్చు. కాబట్టి రెండు యాప్‌లను పోల్చాలనుకుంటే ఫోన్ చల్లబడేదాకా ఆగి రికార్డు చేయండి.