బ్యాకప్ ఎక్కడికి వెళ్లింది?

విజయనగరంలో మా ఇంటి ఉబుంటు (ఒక రకం లినక్స్) కంప్యూటర్‌కు పాత హార్డ్ డిస్కు ఒకటి తగిలించి, రోజూ రాత్రి ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్‌తో బ్యాకప్ జరిగేలా, చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌లో పెట్టాను. నాన్నగారి ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు అన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి.

ఒక ఉదయం కంప్యూటర్ సొంత డిస్కు నిండిపోయిందని హెచ్చరిక వచ్చింది. డిస్కు ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ 100 శాతం అంటోంది. ఫోల్డర్ల సైజు చెప్పే డీయూతో అన్నీ కూడినా లెక్క కుదరడం లేదు. గుండె జారిపోయింది.

బ్యాకప్ డిస్కు ఒక ఫోల్డర్‌కు జతై (మౌంట్ అయి) కనిపిస్తుంది; చివరికి దాన్ని విడదీసి, అంటే అన్‌మౌంట్ చేసి చూశాను. ఖాళీగా ఉండాల్సిన ఫోల్డర్ నిండా ఫైళ్లే! గాలివానకు కరెంటు పోయి వచ్చిన రాత్రి ఆ డిస్కు మౌంట్ కాలేదు. ఆర్‌సింక్‌కు ఆ తేడా తెలియదు, అదే పేరున్న ఫోల్డర్‌లో రాసేసింది. తర్వాత డిస్కు మౌంట్ చేయగానే ఆ ఫైళ్లు దాని చాటున కనిపించకుండా పోయాయి.

డిస్కు మౌంట్ అయి లేదని రెండుసార్లు చూసుకున్నాకే ఆ చాటు ఫైళ్లను తుడిచేశాను. ఇప్పుడు బ్యాకప్ నడిపే స్క్రిప్టు మొదటి వరుసలోనే, డిస్కు మౌంట్ అయిందో లేదో ‘మౌంట్‌పాయింట్’ కమాండ్ పరీక్షిస్తుంది. డిస్కు లేకపోతే అక్కడే ఆగిపోతుంది. ఏ డిస్కులు మౌంట్ కావాలో రాసే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో డిస్కును యూయూఐడీతో (దానికే ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్య) రాసి, అది లేకపోయినా కంప్యూటర్ ఆన్ అయ్యేలా ‘నోఫెయిల్’ చేర్చాను. ఈ డిస్కు ఈఎక్స్‌టీ4 లాంటి లినక్స్ ఫార్మాట్‌లో ఉండాలి, ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్ అయితే ఫైళ్ల అనుమతులు (ఎవరు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు అన్నవి) నిలవవు.

నిన్న అమ్మానాన్నల పెళ్లి ఫొటో ఒకటి బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చి తెరిచాను. చక్కగా తెరుచుకుంది.