ఫ్లిప్పర్ రోబో నిర్మాణం – 3వ పాఠం: సిలిండర్, దానికి గాలి తెచ్చే దారి

ప్రత్యర్థి రోబో కిందికి పలకను దూర్చి దాన్ని తిరగేసే పోటీ రోబోనే ఫ్లిప్పర్ అంటాం. గత పాఠంలో ఆ పలకను రోబో వెనుక భాగంలో కీలుకు బిగించి, దాని కొస నేలకు ఆనేలా నిలపడం వరకు వచ్చాం. ఈసారి ఆ పలకను గాలి ఒత్తిడితో పిస్టన్ తోసి పైకి విసిరే సిలిండర్‌ను, దానికి గాలిని చేర్చే దారిని లెక్క కడదాం. సిలిండర్ కొలతలు తేల్చడం సులువే. పోటీలో చాలా ఫ్లిప్పర్లు విఫలమయ్యేది గాలి దారి దగ్గర కనుక, ఈ పాఠంలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

ముందుగా ఎంత పని చేయాలో తెలుసుకోవాలి. 15 కిలోల ప్రత్యర్థి రోబో 50 సెంటీమీటర్ల పొడవు ఉందనీ, దాని గరిమనాభి (బరువంతా కేంద్రీకృతమైనట్టు ఉండే బిందువు) నేల నుంచి 7 సెంటీమీటర్ల ఎత్తులో సరిగ్గా మధ్యన ఉందనీ అనుకోండి. మీరు ఒక అంచును లేపితే అది అవతలి అంచు ఆధారంగా తిరుగుతుంది. గరిమనాభి ఆ అంచుకు నిట్టనిలువుగా పైకి చేరినప్పుడు దాని ఎత్తు దాదాపు 26 సెంటీమీటర్లు. అంటే అది లేవవలసింది 19 సెంటీమీటర్లు మాత్రమే. 15 × 9.81 × 0.19 అని గుణిస్తే వచ్చేది 28 జౌళ్లు. ఆ గీత దాటిన తరువాత అది తన బరువుతో తానే వెల్లకిలా పడుతుంది.

ఇప్పుడు సిలిండర్ సంగతి. 50 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం), 100 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఉన్న సాధారణ సిలిండర్‌కు 8 బార్ల (బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) గాలి ఇస్తే పిస్టన్ మీద పడే బలం దాదాపు 1,570 న్యూటన్లు; స్ట్రోకు పొడవునా అదే బలం నిలిస్తే 157 జౌళ్ల పని జరుగుతుంది. అవసరమైన దానికి ఇది అయిదు రెట్ల పైమాటే. అయినా ఇదే సిలిండర్ బిగించిన రోబోలు ప్రత్యర్థిని కొద్దిగా ఒరిగించి వదిలేయడం నేను చాలాసార్లు చూశాను. లోటు బలంలో లేదు, సమయంలో ఉంది. పలక లేవడానికి ఒక సెకను పట్టిందంటే ఆ లోపున ప్రత్యర్థి చక్రాలు వెనక్కి తిప్పుకొని జారిపోతాడు. స్ట్రోకు మొత్తం సెకనులో పదో వంతులో ముగిస్తే, పలక ఆగిపోయాక కూడా ప్రత్యర్థి తాను పుంజుకున్న వేగంతో పైకి పోతూనే ఉంటాడు. బ్రిటన్‌లో జరిగిన రోబో వార్స్ అనే టీవీ పోటీ 3వ సిరీస్‌లో కేయాస్ 2 అనే రోబో ప్రత్యర్థిని ఏకంగా ఆరీనా గోడ అవతలికి విసిరింది ఈ వేగంతోనే. 3, 4 సిరీస్‌లు రెండింటిలోనూ విజేత అదే.

సెకనులో పదో వంతు అంటే గాలికి ఏమిటో చూడండి. ఆ సిలిండర్ ఘనపరిమాణం దాదాపు 0.2 లీటరు. దాన్ని 8 బార్ల వరకు నింపాలంటే బయటి గాలి లెక్కలో సుమారు 1.8 లీటర్లు కావాలి. అంత గాలి పదో వంతు సెకనులో దూరాలంటే ప్రవాహం నిమిషానికి వెయ్యి లీటర్లు దాటాలి. కరెంటుతో తెరుచుకునే సోలనాయిడ్ వాల్వు కొనేటప్పుడు అందరూ ఎన్ని బార్లు తట్టుకుంటుందని అడుగుతారు. మీరు నిమిషానికి ఎన్ని లీటర్లు వదులుతుందని అడగండి. సన్నని రంధ్రం దగ్గర గాలి ధ్వని వేగాన్ని అందుకున్న తరువాత, రంధ్రం అవతల ఎంత ఖాళీగా ఉన్నా అక్కడి ప్రవాహం ఇక పెరగదు. కనుక దారి మొత్తంలో అతి ఇరుకైన చోటు ఏదో, మీ రోబో సత్తా అంతే.

గాజువాక ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో నేను మొదటి ఫ్లిప్పర్ బిగించినప్పుడు 6 మిల్లీమీటర్ల గొట్టం వాడాను. పలక ట్రంకు పెట్టె మూత తెరుచుకున్నంత నెమ్మదిగా లేచింది. ఆ గొట్టం లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్లే. దాని స్థానంలో లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లు ఉన్న 12 మిల్లీమీటర్ల గొట్టాన్ని, దానికి తగిన పెద్ద వాల్వును పెట్టాను. దారి వైశాల్యం నాలుగు రెట్లయింది. సిలిండర్ అదే, ఒత్తిడి అదే. పలక మీది ఇసుక మూట మాత్రం ఎగిరి పడింది. గొట్టం ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. మోచేతి వంపు ఫిట్టింగులు వీలైనంత వరకు వద్దు.

ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్ ఇంత గాలిని ఒక్కసారిగా ఇవ్వలేదు. అందుకే వాల్వు పక్కనే ఒక చిన్న నిల్వ ట్యాంకు ఉండాలి. అది 0.8 లీటరుదైతే స్ట్రోకు చివరన కూడా 6 బార్లకు అటూ ఇటుగా ఒత్తిడి మిగులుతుంది, 0.2 లీటరుదే అయితే 3.5 బార్లకు పడిపోతుంది. నిల్వకు పీవీసీ గొట్టం ఎన్నడూ వాడకండి, అది పగిలితే కత్తుల్లాంటి ముక్కలు ఎగురుతాయి. బల్ల మీద పరీక్షలకు లారీ ఎయిర్ బ్రేకు ట్యాంకు చక్కగా సరిపోతుంది, కానీ కొత్తది కొనండి. మన సముద్రపు గాలిని కుదిస్తే లోపల నీరు చేరి, పాత ట్యాంకులు కంటికి కనబడకుండా తుప్పు పట్టి ఉంటాయి. కొత్తదాని నుంచి కూడా ప్రతి పరీక్ష తరువాత నీరు తీసేయాలి.

సిలిండర్‌లో రాడ్ (పిస్టన్ కడ్డీ) వైపున ఉన్న గాలి కూడా బయటకు పోవాలి కదా. ఆ పోర్టుకు (గాలి పోయే రంధ్రానికి) సైలెన్సర్ బిగించకుండా పూర్తిగా తెరిచి ఉంచి, పలకను రబ్బరు పట్టీతో వెనక్కి లాగించండి.

గాలికి బదులు కార్బన్ డయాక్సైడు సీసాలు వాడేవారికి విశాఖ వేసవి ఒక ప్రత్యేకమైన చిక్కు. 20 డిగ్రీల దగ్గర సీసాలో ఒత్తిడి 57 బార్లు ఉంటుంది. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవం అనేదే ఉండదు, పూర్తిగా నింపిన సీసాలో ఒత్తిడి వేగంగా ఎక్కిపోతుంది. మే నెలలో ఎండలో ఉంచిన సీసా ఇక్కడ ఆ హద్దును సునాయాసంగా దాటుతుంది. కనుక మీటరు చూసి కాకుండా త్రాసు మీద తూచి నింపాలి, నీడలో ఉంచాలి, ఒత్తిడి మితిమీరితే పగిలి వాయువును వదిలేసే రక్షణ డిస్కు లేని సీసాను ముట్టుకోకూడదు. కొత్తగా నేర్చుకునేవారు 8 బార్ల గాలితోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం.

ఈ వారం అభ్యాసం ఇది. చెక్క పెట్టెలో ఇటుకలు పేర్చి 15 కిలోలు చేయండి. పలకకు అడ్డంగా ఇనుప కడ్డీ దూర్చి ఉంచాకే దగ్గరకు వెళ్లి పెట్టెను అమర్చండి. కడ్డీ తీసి, రోబో వెనుకకు తప్పుకున్న తరువాతే వాల్వు నొక్కండి. ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల వేగంతో చిత్రీకరించి, పలక కదలడం మొదలైనప్పటి నుంచి ఆగే వరకు ఫ్రేములు లెక్కపెట్టండి. 24 ఫ్రేములైతే సెకనులో పదో వంతు. ముందు సన్నని గొట్టంతో, తరువాత లావు గొట్టంతో ఇదే చేసి రెండు అంకెలూ రాసి ఉంచుకోండి. వచ్చే పాఠంలో సిలిండర్‌ను కీలుకు ఎంత దూరంలో బిగించాలో ఆ అంకెలతోనే నిర్ణయిస్తాం.