ఫాల్‌లో కొలరాడో కొండలు, మెసా వెర్డే: పిల్లలు, పెద్దవాళ్లతో కార్లో ఎలా తిరగాలి

ఫాల్ కలర్స్ అంటే మనవాళ్లు చేసే పని ఒకటే, ఆకులు ఎప్పుడు పీక్‌కి వస్తాయా అని రోజూ ఫోన్లో చూసుకుంటూ కూర్చుని, తీరా వచ్చే టైమ్‌కి హోటల్స్ అన్నీ నిండిపోయాక లబోదిబోమంటారు. నేను చెప్పేది తిరగేసి చేయమని. సౌత్‌వెస్ట్ కొలరాడో వెళ్తుంటే ముందు మెసా వెర్డే, అంటే వందల ఏళ్ల నాటి కొండ ఇళ్లున్న నేషనల్ పార్క్, టూర్ టికెట్లు పట్టుకోండి, మిగతా ట్రిప్ దాని చుట్టూ అల్లుకోండి. ఆస్పెన్ చెట్లు అటువైపు మామూలుగా సెప్టెంబర్ ఆఖరు నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా పచ్చగా, అంటే మన పసుపు పచ్చగా, మెరిసిపోతుంటాయి, ఎత్తు బట్టి ఒకచోట రాలిపోతే ఇంకోచోట అప్పుడే తిరుగుతుంటాయి కాబట్టి ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. టికెట్లు అలా దొరకవు.

టికెట్లు రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో సాధారణంగా 14 రోజుల ముందు ఉదయం 8కి మౌంటైన్ టైమ్‌లో తెరుస్తారు. ఈస్ట్ కోస్ట్‌లో ఉన్నవాళ్లకి అది 10, ఈ లెక్క తప్పి ఒకసారి నేను అన్నీ అయిపోయాక లాగిన్ అయ్యాను. ఏ ఏడాది ఏ కొండ ఇల్లు తెరిచి ఉంటుందో, అక్టోబర్‌లో టూర్లు ఏ తేదీకి ఆపేస్తారో మారుతూ ఉంటుంది, అందుకని పార్క్ వెబ్‌సైట్ చూసుకున్నాకే లీవ్ పెట్టండి.

ఇక రూట్. సాన్ హువాన్ స్కైవే అని సుమారు 236 మైళ్ల లూప్ ఉంది, డురాంగో, సిల్వర్టన్, యూరే, రిడ్జ్‌వే, టెల్యురైడ్ పక్కనుంచి కోర్టెజ్, మళ్లీ డురాంగో. మ్యాప్ చూసి ఒక్కరోజులో అయిపోద్ది అనుకుంటారు, అవుతుంది కూడా, కాకపోతే పిల్లలు మీతో మాట్లాడరు. మూడు రోజులు పెట్టండి. కొండలు ఒకరోజు, రూయిన్స్ ఒకరోజు, ఒకే రోజు రెండూ కలపొద్దు.

లూప్ ఎటునుంచి తిరగాలి అన్నది చాలామంది ఆలోచించరు. డురాంగో నుంచి ఉత్తరానికి, అంటే సిల్వర్టన్ మీదుగా యూరే వైపు వెళ్లండి. ఆ సిల్వర్టన్, యూరే మధ్య ముక్కనే మిలియన్ డాలర్ హైవే అంటారు, రెడ్ మౌంటైన్ పాస్, అంటే రోడ్డు కొండ దాటే చోటు, దగ్గర ఎత్తు 11,018 అడుగులు, యూరే దగ్గరపడేకొద్దీ లోయ అంచున చాలాచోట్ల గార్డ్‌రైల్ ఉండదు, మంచు పడ్డప్పుడు ప్లౌ బండి ఆ మంచుని అవతలికి తోసేయడానికి చోటు ఉండాలని అంటారు. ఉత్తరానికి వెళ్తే మీ లేన్ కొండవైపు ఉంటుంది, దక్షిణానికి వస్తే లోయవైపు. మా మామగారు ముందు సీట్లో కూర్చుని కొండవైపు నుంచి వెళ్తున్నా సరే రెండు చేతులతో డోర్ హ్యాండిల్ పట్టుకుని ఆంజనేయ దండకం మొదలుపెట్టారు, అదే లోయవైపు అయితే ఏమయ్యేదో నేను ఊహించుకోను.

దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు అలాగే పెట్టి ఉంచొద్దు, బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గిపోతుంది, గేర్ కిందికి వేసుకుని ఇంజన్‌తోనే ఆపుకుంటూ రండి, ఆటోమేటిక్‌లో కూడా ఎల్ అనో మాన్యువల్ మోడ్ అనో ఉంటుంది, కిందే ఎక్కడైనా పార్కింగ్ లాట్‌లో ఒకసారి వేసి చూసుకోండి. వెనక బండ్లు పోగైతే పుల్‌అవుట్ రాగానే పక్కకి ఆగి వదిలేయండి. సగం ట్యాంక్ తగ్గకముందే గ్యాస్ కొట్టించండి, మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి, సిగ్నల్ మాటిమాటికీ పోతుంది. ఎండగా ఉంది కదా అని టీషర్ట్‌తో ఎక్కేస్తే పాస్ మీద మంచు పడొచ్చు, అక్టోబర్ మొదట్లో అది వింతేం కాదు.

ఎత్తు సంగతి తేలిగ్గా తీసుకోకండి. డురాంగో 6,500 అడుగులు, సిల్వర్టన్ 9,318. పైకెక్కేకొద్దీ వెనక సీట్లో చిప్స్ ప్యాకెట్లు బెలూన్‌లా ఉబ్బుతుంటాయి, పిల్లలకి అదో ఆట, మన తల కూడా అలాగే ఉంటుంది. మొదటి రాత్రి డురాంగోలో పడుకుని మర్నాడు ఎక్కండి, నీళ్లు తాగిస్తూ ఉండండి, బీపీ, గుండె మందులు వాడే పెద్దవాళ్లుంటే బయల్దేరేముందే డాక్టర్‌ని అడగండి.

మెసా వెర్డేలో నేను చేసిన తప్పు చెప్తాను. జీపీఎస్‌లో పార్క్ పేరు కొట్టాను, అది గేటు దాకా తెచ్చి "వచ్చేశారు" అంది, టూర్‌కి ఇంకా అరగంట ఉంది కదా అని తీరిగ్గా కాఫీ తాగాం. గేటు నుంచి ఆ కొండ ఇళ్లు ఉన్న చోటికి వంకర టింకర కొండ రోడ్డు 20 మైళ్లకి పైనే, ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. టూర్ వెళ్లిపోయింది. మీరు గేటు దగ్గర గంటన్నర ముందే ఉండండి.

అక్కడి కొండ ఇళ్లలో ఒకటైన క్లిఫ్ ప్యాలెస్ చూస్తే మాత్రం ఆ విసుగంతా పోతుంది. కొండ అరుగు కింద గూడులా ఉన్న చోట దాదాపు 150 గదులు, ఇరవైకి పైగా కీవాలు, కీవా అంటే నేలలోకి దింపిన గుండ్రటి గది. ఈ కొండ ఇళ్లు ఇక్కడి ఆదివాసులు ఎక్కువగా 1200ల్లో కట్టుకున్నారు, 1276 నుంచి 1299 దాకా పెద్ద కరువు అని చెట్ల వలయాలు లెక్కపెట్టి చెప్తారు, 1300 నాటికి అందరూ దక్షిణానికి వెళ్లిపోయారు. వాళ్ల పిల్లల పిల్లలే ఇవాల్టి హోపీ, జూనీ లాంటి ప్యూబ్లో జనం, కాబట్టి "మాయమైపోయిన జాతి" అని పిల్లలకి చెప్పకండి. గోడలు ముట్టుకోనివ్వకండి, వాటి మీద ఎక్కి ఫోటోలు అసలొద్దు.

బాల్కనీ హౌస్ అనే ఇంకో కొండ ఇంటికి 32 అడుగుల నిచ్చెన ఎక్కాలి, తర్వాత 18 అంగుళాల వెడల్పున్న సొరంగంలో పాక్కుంటూ రావాలి, చీరతో అయ్యే పని కాదు, మోకాళ్ల నొప్పులుంటే వద్దే వద్దు. పెద్దవాళ్లని మెసా టాప్ లూప్‌లో తిప్పండి, 6 మైళ్లు, కార్లోనే, అక్కడక్కడా దిగి చూడొచ్చు. మా అత్తయ్యగారు మొక్కజొన్న నూరుకునే గుంట పడ్డ రాయి ఒకటి చూసి అక్కడే వంగి, చేత్తో ముందుకీ వెనక్కీ ఊపి చూపించి "ఇది మన సన్నికల్లే కదమ్మా, ఎంత నూరితే ఇంత అరిగిందో" అన్నారు, రేంజర్ అరగంట చెప్పినదాని కన్నా పిల్లలకి అదే గుర్తుంది. పిల్లల కోసం పార్క్‌లో ఇచ్చే జూనియర్ రేంజర్ బుక్ తీసుకోవడం మర్చిపోకండి, బ్యాడ్జ్ కోసమైనా చదువుతారు.

ఇంకో పూట ఉంటే డురాంగో నుంచి గంటలోపే న్యూ మెక్సికోలో అజ్టెక్ రూయిన్స్ ఉంది. పేరే గానీ అజ్టెక్‌లకి దాంతో సంబంధం లేదు, తర్వాత వచ్చినవాళ్లు పొరపాటున పెట్టిన పేరు. చదునైన నేల, నిచ్చెనల గోల లేదు, కొన్ని గదులకి 900 ఏళ్ల నాటి దూలాలు ఇప్పటికీ పైకప్పు మోస్తున్నాయి. 1934లో తిరిగి కట్టిన పెద్ద కీవాలోకి దిగి కూర్చోవచ్చు కూడా. నన్నడిగితే పెద్దవాళ్లకి మెసా వెర్డే కన్నా ఇదే హాయి.

తిండి. సిల్వర్టన్‌లో రూమ్ తీసుకుని పప్పు వండుదాం అనుకునేవాళ్లకి, ఆ ఎత్తులో నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, గిన్నెలో ఎంత ఉడికించినా కందిపప్పు పలుకు పలుకే, రైస్ కుక్కర్‌లో అన్నం కూడా బిరుసే. ప్రెషర్ కుక్కరో ఇన్‌స్టంట్ పాటో డిక్కీలో పడేసుకోండి, పులిహోర మాత్రం కిందే కలిపేసుకుని ఎక్కండి.