విదేశాలకు వెళ్లినప్పుడు గేములు, కన్సోళ్లు చవగ్గా కొనడం ఎలా?

ఊరుకాని ఊళ్లో కన్సోల్ తక్కువ ధరకు కనిపిస్తే చెయ్యి ఆగదు. కానీ అది చవకో కాదో తేలేది ఇంటికొచ్చి టీవీకి తగిలించాకే. ఆడని గేమ్ ఎంత తక్కువకు కొన్నా దండగే. అందుకే ధర అడిగేముందు, అది మన ఇంట్లో, మన అకౌంట్‌తో, మనకొచ్చిన భాషలో ఆడుతుందా అన్నది చూసుకోవాలి. ఈ పని బయల్దేరకముందే తీరిగ్గా చేసుకోవచ్చు.

ముందు రీజియన్ సంగతి తేల్చుకోండి

ఒక ప్రాంతంలో అమ్మిన గేమ్ మరో ప్రాంతపు కన్సోల్‌లో ఆడకుండా కంపెనీ పెట్టే అడ్డే రీజియన్ లాక్. ఇప్పటి కన్సోళ్లతో ఈ బెడద చాలావరకు తగ్గింది. ప్లేస్టేషన్ 4, 5, ఎక్స్‌బాక్స్ వన్, సిరీస్ ఎక్స్, నింటెండో స్విచ్ గేములు ఏ దేశంలో కొన్నా సాధారణంగా ఆడతాయి. పేచీ అంతా పాతవాటితోనే. ప్లేస్టేషన్ 2, నింటెండో వాళ్ల వీ (Wii), వీ యూ, త్రీడీఎస్ లాంటివాటికి రీజియన్ లాక్ ఉంది. జపాన్ త్రీడీఎస్‌లో వేరే ప్రాంతపు త్రీడీఎస్ గేమ్ కార్డులు ఆడవు. ఎక్స్‌బాక్స్ 360 అయితే ఒక్కో గేమ్‌ది ఒక్కో తీరు.

కొత్తవాటిలోనూ ఒక చిక్కుంది. 2025లో వచ్చిన స్విచ్ 2ను జపాన్‌లో రెండు రకాలుగా అమ్మకానికి పెట్టారు. అప్పట్లో జపనీస్ భాష మాత్రమే ఉన్నది 49,980 యెన్లు, పలు భాషలున్నది 69,980 యెన్లు. మొదటిది జపాన్ అకౌంట్లతో తప్ప పనిచేయదు. ధరలో తేడా చూసి ఆశపడొద్దు.

ఆటకు తర్వాత కొనే అదనపు భాగాల మీదా ఓ కన్నేయండి. డిస్క్ ఏ రీజియన్‌దో, ప్లేస్టేషన్‌లో అవి కూడా ఆ రీజియన్ స్టోర్ నుంచే రావాలి. అట్ట మీది వయసు ముద్ర ఆ గుట్టు చెప్పేస్తుంది: సెరో ఉంటే జపాన్, ఈఎస్ఆర్‌బీ ఉంటే ఉత్తర అమెరికా, పెగీ ఉంటే యూరప్. భాషల పట్టిక చాలావరకు అట్ట వెనకే ఉంటుంది. కథ ఎక్కువగా ఉన్న ఆటలకైతే అది చదవకుండా డబ్బులు తీయొద్దు.

కరెంటు

అడాప్టర్ మీద 'ఇన్‌పుట్' అన్నచోట 100–240 ఓల్ట్లు అని ఉంటే ప్లగ్ మారిస్తే చాలు. ఉత్త 100 అని ఉంటే (నింటెండో పాత కన్సోల్ అయిన జపాన్ సూపర్ ఫామికామ్ లాంటివాటికి అంతే ఉంటుంది) 230 ఓల్ట్ల ఇంట్లో ఓల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెట్టకూడదు. ప్లగ్ అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే తప్ప కరెంటును మార్చదు.

అసలు ధర లెక్కకట్టండి

అమెరికాలో ధర చీటీ మీద అమ్మకపు పన్ను కలిసి ఉండదు, బిల్లులో కలుస్తుంది. ఓరెగాన్, డెలావేర్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఆ పన్నే లేదు. జపాన్‌లో వినియోగ పన్ను 10 శాతం. పర్యాటకులకు దాన్ని మినహాయించే దుకాణాలున్నాయి, పాస్‌పోర్టు చూపించాలి. 2026 నవంబరు 1 నుంచి మాత్రం ముందు పన్నుతో సహా కట్టి, దేశం దాటేటప్పుడు వెనక్కి తీసుకునే పద్ధతి. యూరోపియన్ యూనియన్‌లో దుకాణం ఇచ్చిన పత్రానికి విమానాశ్రయంలో కస్టమ్స్ ఆమోదం పడితేనే వ్యాట్ వెనక్కొస్తుంది. బ్రిటన్‌లో కొని వెంట తీసుకెళ్లే వస్తువులకు ఈ సదుపాయం 2021లోనే ఆగిపోయింది.

కార్డు గీకేటప్పుడు మెషిన్ 'మీ దేశపు కరెన్సీలో కడతారా' అని అడిగితే వద్దనండి. అక్కడి కరెన్సీలోనే కట్టండి. మెషిన్ ఇచ్చే మార్పిడి రేటు దాదాపు ఎప్పుడూ మనకు నష్టమే.

పాతవి కొనేటప్పుడు తొందరపడొద్దు

నిజమైన ఆదా ఇక్కడే. జపాన్‌లో సెకండ్‌హ్యాండ్ వస్తువుల్ని జాగ్రత్తగా శుభ్రం చేసి, ఉన్న లోపాన్ని చీటీ మీద రాసి మరీ పెడతారు. టోక్యోలో గేములు, ఎలక్ట్రానిక్స్ దుకాణాల పేట అకిహబారా చూడ్డానికి పండగే, వెళ్లితీరాల్సిందే. కానీ కొనేది పర్యాటకులు అంతగా తిరగని పేటల్లో అయితే మంచిదని నా అభిప్రాయం. 'జంక్' అని రాసిన బుట్టలోవి చెడిపోయినవే కానక్కర్లేదు. పనిచేస్తుందన్న హామీ లేదని, తిరిగి తీసుకోరని దాని అర్థం.

నింటెండో పాత చేతి కన్సోల్ గేమ్‌బాయ్ అడ్వాన్స్ కార్ట్‌రిడ్జ్‌లకు (గేమ్ ఉండే ప్లాస్టిక్ బిళ్లలకు) నకిలీలు విపరీతం. లేబుల్‌ను వెలుతురుకు ఏటవాలుగా పట్టి మెల్లగా తిప్పండి. అసలుదైతే, సిరా లేకుండా కాగితం లోపలికి నొక్కినట్టున్న చిన్న అంకె ఒకచోట తళుక్కుమంటుంది. తర్వాత తిరగేసి అంచులోకి చూడండి. బంగారు రంగు కాంటాక్టుల పైన బోర్డు మీద నింటెండో పేరు శుభ్రంగా అచ్చై ఉండాలి. అక్షరాలు వంకరగా ఉన్నా, అసలు లేకపోయినా పక్కన పెట్టేయండి. ఇంకా పాత గేమ్‌బాయ్ ఆటల్లో సేవ్ చేసినది నిలబడేది లోపలి చిన్న బ్యాటరీ వల్ల. అది అయిపోయిందేమో అడగండి.

కన్సోల్ అయితే కంట్రోలర్ మీది స్టిక్ వదిలేశాక కూడా తెరమీద బొమ్మ తనంతట తానే నడుస్తోందా చూడండి. నడిస్తే 'డ్రిఫ్ట్' పట్టినట్టే. హెచ్‌డీఎంఐ సాకెట్‌లో పిన్నులు వంగలేదు కదా, పాత యజమాని అకౌంట్ తీసేశారా, ఇవీ కౌంటర్ దగ్గరే తేలిపోవాలి.

కొన్న రాత్రే హోటల్ గదిలో ఆన్ చేయండి. అందుకే ఒక హెచ్‌డీఎంఐ కేబుల్ వెంట ఉంచుకోవాలి. వారంటీ చాలాసార్లు కొన్న దేశానికే పరిమితం. కాబట్టి లోపం ఏదైనా దుకాణం అందుబాటులో ఉండగానే బయటపడాలి.

తిరుగు ప్రయాణం

బ్యాటరీ ఉన్న హ్యాండ్‌హెల్డ్‌లు (చేత్తో పట్టుకుని ఆడేవి) క్యాబిన్ బ్యాగులోనే పెట్టుకోండి. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చెక్-ఇన్ లగేజీలో పెట్టనివ్వరు. కన్సోల్‌కు దెబ్బ ఎక్కువ తగిలేది మూలల దగ్గర, బట్టలు అక్కడ దట్టంగా చుట్టండి. మీ దేశంలో ఎంత విలువ వరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చో ముందే చూసుకుని, ఆ సుంకాన్ని కూడా ధరలో కలిపే కొనాలో వద్దో తేల్చుకోండి. పరిమితి దాటితే ప్రకటించండి. బిల్లు అట్టపెట్టెలో కాదు, పాస్‌పోర్టుతో పాటు ఉండాలి.